పందుల పెంపకం: మేతపై మీ ప్రశ్నలు, మా జవాబులు

గత రెండు నెలల్లో పందుల పెంపకం మీద వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు మేత గురించినవే. అది సహజమే. మాంసం కోసం పెంచే పంది మీద రైతు పెట్టే ఖర్చులో నూటికి డెబ్బై వంతుల దాకా దాణాకే పోతుంది. అయినా మన వద్ద ఆవుకు, గేదెకు, కోడికి ఏం పెట్టాలో ఆలోచించినంతగా పందికి ఏం పెట్టాలో ఆలోచించరు, అది ఏదైనా తింటుందిలే అనుకుంటారు. పంది ఏదైనా తినడం నిజమే కానీ, తిన్న ప్రతిదీ మాంసంగా మారదు. ఈ తేడా తెలియక నష్టపోయిన వారిని పశువైద్యుడిగా చాలా మందిని చూశాను కనుక, ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మేము ఇరవై సీమ పందిపిల్లలను తెచ్చి పెంచుతున్నాము. రెండో నెలలో తల్లి నుంచి వేరు చేసినప్పుడు ఒక్కొక్కటి 12 కిలోలు ఉండేది. ఇప్పుడు ఆరు నెలలు నిండాయి, సగటున 48 కిలోలే ఉన్నాయి. ఈ నాలుగు నెలల్లో ఒక్కో పంది, కిలో 28 రూపాయలు పడే దాణా దాదాపు 170 కిలోలు తిన్నది. నూరు కిలోల దాణాలో మొక్కజొన్న 45, వేరుశనగ చెక్క 25, తవుడు 28 కిలోలు, మిగతాది ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు. మాంసకృత్తులు 18 శాతం వస్తున్నాయని లెక్క వేసుకున్నాము. నట్టల మందు కూడా తాగించాము. పైగా షెడ్డులో ఘాటైన వాసన. మందుల దుకాణంలో పెరుగుదలకని ఒక పొడి ఇచ్చారు, వాడమంటారా? (చిత్తూరు జిల్లా పాఠకుడు)

జవాబు: మీరు బరువులు, దాణా లెక్కలు రాసి పెట్టుకున్నందుకు ముందుగా అభినందిస్తున్నాను, ఎందుకంటే ఈ లెక్కలే లేకపోతే మీ ప్రశ్నకు జవాబు ఊహ మాత్రమే అయ్యేది. 120 రోజుల్లో 36 కిలోలు పెరిగాయంటే రోజుకు 300 గ్రాములు. సరైన మేత దొరికితే సంకరజాతి పంది రోజుకు 450 నుంచి 500 గ్రాముల దాకా పెరగగలదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో రూపొందించిన టి-17 రకం పందుల్లో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే విదేశీ జాతి రక్తం, 25 శాతం నాటు రక్తం ఉంటుంది. అలాంటి జాతిని తెచ్చి మూడు వందల గ్రాములతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

మీ దాణాలో మాంసకృత్తులు 18 శాతం ఉన్న మాట నిజమే, మీ లెక్కలో తప్పు లేదు. లోపం ఆ మాంసకృత్తుల లోపలి సరుకులో ఉంది. మాంసకృత్తులు అనేవి ఇరవై రకాల అమినో ఆమ్లాల కూర్పు. వాటిలో కొన్నింటిని పంది తన ఒంట్లో తయారు చేసుకోలేదు, మేతలోనే రావాలి. ధాన్యం, చెక్క తినే పందికి అన్నింటికంటే ముందు తక్కువ పడేది లైసిన్. ఇరవై నుంచి యాభై కిలోల బరువున్న పందికి దాణాలో లైసిన్ 0.95 శాతం దాకా కావాలి. మొక్కజొన్నలో అది 0.25 శాతమే. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు దండిగా ఉన్నా లైసిన్ ఒకటిన్నర శాతం దాటదు. తవుడులో అర శాతం చిల్లర. ఈ లెక్కన మీ దాణా మొత్తంలో వచ్చే లైసిన్ సుమారు 0.63 శాతం, అంటే కావలసిన దానిలో మూడింట రెండు వంతులు. నూరు మందిని భోజనానికి పిలిచి, అన్నం నూరు మందికి వండి, పప్పు అరవై ఆరు మందికే వండితే, పప్పన్నం తిని లేచేది అరవై ఆరుగురే కదా. పంది ఒంట్లోనూ అదే జరుగుతుంది. లైసిన్ ఉన్నంత వరకే కండ తయారవుతుంది. మిగిలిపోయిన అమినో ఆమ్లాలను శరీరం విరగ్గొట్టి, వాటిలోని నత్రజనిని మూత్రంలో బయటికి పంపేస్తుంది. మీ షెడ్డులోని ఘాటు వాసన అమ్మోనియాది, అందులో కొంత భాగం మీరు డబ్బు పోసి కొన్న వేరుశనగ చెక్కే.

వేరుశనగ చెక్క మీ ప్రాంతంలో చేతికి అందే సరుకు కనుక దానిని పూర్తిగా మానేయమనలేను. అయితే ముందు ఒక నెల రోజులు దానిని ఆపి, ఈ కూర్పుతో మేపి చూడండి. మొక్కజొన్న 55 కిలోలు, సోయా చెక్క 23 కిలోలు, తవుడు పందొమ్మిదిన్నర కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు, ఉప్పు అర కిలో. దీనిపై బజారులో దొరికే లైసిన్ పొడి 100 గ్రాములను ముందుగా రెండు కిలోల తవుడులో బాగా కలిపి, ఆ తవుడును మొత్తం దాణాలో కలపాలి. ఇందులో మాంసకృత్తులు 17.7 శాతం, అంటే మీ పాత దాణా కంటే కాస్త తక్కువే. లైసిన్ మాత్రం 0.96 శాతానికి చేరుతుంది. ఆ తరువాత సోయా ధర మరీ పెరిగిన నెలల్లో దాని స్థానంలో కొంత వేరుశనగ చెక్క వేసి, ఆ మేరకు లైసిన్ పొడిని పెంచుకోవచ్చు. చెక్కను మాత్రం బూజు వాసన లేనిదిగా చూసి కొనండి, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి వేరుశనగ చెక్క పుట్టినిల్లు.

ఇక ఖర్చు సంగతి. మీరు రాసిన ధర ప్రకారం పాత దాణా కిలో 28 రూపాయలు. పంది ఒక కిలో పెరగడానికి 4.7 కిలోలు తిన్నది కనుక, కిలో పెరుగుదలకు 131 రూపాయలు దాటింది. కొత్త దాణా కిలో 32 రూపాయలు పడి, 3.3 కిలోలకే కిలో బరువు వస్తే అయ్యే ఖర్చు 106 రూపాయలలోపే. అందుకే బస్తా ధర చూసి ఇది చౌక, ఇది ప్రియం అని నిర్ణయించకూడదు.

దుకాణంలో ఇచ్చిన పొడి పొట్లం మీద ఏముందో చదవండి. అందులో యాంటీబయాటిక్ ఉంటే దానిని పెరుగుదల కోసం వాడవద్దు. లైసిన్ లోటును ఏ యాంటీబయాటిక్కూ తీర్చలేదు, పైగా ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు మీ షెడ్డు నుంచే మనుషులకు చేరుతాయి. కొలిస్టిన్ అనే మందును మాంసం, పాలు, గుడ్లనిచ్చే జీవాలకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది.

ప్రశ్న: మా వద్ద నలభై పందులున్నాయి. హాస్టళ్లు, హోటళ్ల నుంచి రోజూ మిగిలిన అన్నం, కూరలు డ్రమ్ముల్లో తెచ్చి పోస్తున్నాము. కడుపులు నిండుగా కనిపిస్తాయి కానీ కండ రావడం లేదు. దీనిని ఉడికించాలని కొందరంటున్నారు. కట్టెల ఖర్చు భరించలేకపోతున్నాము. ఉడికించకపోతే ఏమవుతుంది? (గుంటూరు జిల్లా పాఠకుడు)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది మీ ఒక్కరి షెడ్డుకే సంబంధించినది కాదు. ఉడికించకపోతే ఏదో ఒక రోజు నలభైకి నలభై పందులూ పోవచ్చు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వ్యాధి మన దేశంలో మొదటిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది, ఆ తరువాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. మనుషులకు ఇది సోకదు. పందికి వస్తే మాత్రం చికిత్స లేదు. దీనిని కలిగించే వైరస్ పచ్చి పంది మాంసంలో, ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసంలో, శీతల గిడ్డంగిలో పెట్టిన మాంసంలో నెలల తరబడి బతికి ఉంటుంది. ఎక్కడో కోసిన జబ్బు పంది మాంసం ఒక వంటగదికి చేరి, దాని ముక్కలు, కడిగిన నీళ్లు మీ డ్రమ్ములో పడితే చాలు. ప్రపంచంలో ఈ వ్యాధి దేశాలు దాటిన సందర్భాల్లో చాలా వాటికి ఇలాంటి ఎంగిలి మేతే దారి చూపింది.

అందువల్ల పంది మాంసం వండే చోటి నుంచి మిగులు తీసుకోవడం పూర్తిగా మానుకోండి. మిగతా చోట్ల నుంచి తెచ్చినదైనా, అంతా 90 డిగ్రీల వేడికి చేరిన తరువాత, కనీసం గంట సేపు కలియబెడుతూ ఉడికించాలి. పైన బుడగలు రాగానే దించేస్తే అడుగున గడ్డకట్టిన అన్నం ముద్ద లోపల ఇంకా చల్లగానే ఉంటుంది. ఇంకొక మాట. ఒక షెడ్డులో ఎంతో శ్రద్ధగా ఉడికించిన మేతను, పచ్చి ఎంగిలి తెచ్చిన అవే డ్రమ్ముల్లోకి తిరిగి పోసి పందుల వద్దకు మోసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. గంట సేపు కాల్చిన కట్టెలన్నీ ఆ ఒక్క పనితో వృథా అయినట్టే. పచ్చిదానికి ఒక రంగు డ్రమ్ములు, ఉడికిన దానికి వేరే రంగు డ్రమ్ములు ఉండాలి, పచ్చి డ్రమ్ములు షెడ్డు గేటు దాటి లోపలికి రాకూడదు. ఉడికించడానికి ముందే ప్లాస్టిక్ కవర్లు, పుల్లలు, పెద్ద ఎముకలు ఏరివేయాలి. కట్టెల ఖర్చు తగ్గాలంటే ఊక పొయ్యి వాడవచ్చు. లేదా తెచ్చే ఎంగిలిని తగ్గించి, కింద చెప్పబోయే విధంగా దాణాను పెంచుకోవచ్చు.

ఇక కండ రాకపోవడానికి కారణం. ఎంగిలి మేతలో ముప్పాతిక వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, నీళ్లే. యాభై కిలోల పందికి రోజుకు సుమారు రెండు కిలోల పొడి దాణాకు సమానమైన ఆహారం కావాలి. దానిని ఎంగిలితోనే ఇవ్వాలంటే ఎనిమిది తొమ్మిది కిలోలు పోయాలి. కడుపు నిండుతుంది. కానీ అందులో ఉన్నది ఎక్కువగా అన్నమే, అంటే పిండి పదార్థం. పప్పు, గుడ్డు, మాంసం మనుషులు తినేస్తారు, అన్నం మిగులుతుంది. అలాంటి మేతతో పంది పొట్ట జారుతుంది, కొవ్వు పెరుగుతుంది, తొడ మాత్రం పలచగానే ఉండిపోతుంది. కాబట్టి యాభై కిలోల పందికి ఉడికించిన మేత ఆరు కిలోలు ఇచ్చి, దానితోపాటు 700 గ్రాముల జోడింపు దాణా ఇవ్వండి. ఆ జోడింపును సోయా చెక్క 45 కిలోలు, తవుడు 50 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 5 కిలోలు కలిపి తయారు చేసుకోవాలి. ఉప్పు వేయవద్దు, హాస్టల్ సాంబారులో ఉన్న ఉప్పే ఎక్కువ. ఈ 700 గ్రాములను పొద్దున మొదట, పంది ఆకలితో ఉన్నప్పుడే తొట్టిలో వేసి, అది తిన్న తరువాతే ఉడికించిన మేత పోయండి. రెండూ కలిపి పోస్తే బలమైన పందులు ముక్కుతో అడుగు వెదికి చెక్కంతా లాగేసుకుంటాయి, బక్క పందులకు నీళ్లు మిగులుతాయి.

ప్రశ్న: నీటి గుంటలో అజొల్లా అనే చిన్న తేలే మొక్కను పెంచి పెడితే దాణా అసలు కొననవసరం లేదని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? (ఖమ్మం జిల్లా పాఠకురాలు)

జవాబు: కాదమ్మా. అజొల్లాలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం అని చెప్పేది పూర్తిగా ఎండిన అజొల్లా గురించి. గుంట నుంచి తీసిన పచ్చి అజొల్లాలో 93, 94 శాతం నీళ్లుంటాయి. కిలో పచ్చి అజొల్లా ఎండితే అరవై గ్రాములే, అందులో మాంసకృత్తులు 12 నుంచి 15 గ్రాములు. అదే కిలో సోయా చెక్కలో 450 గ్రాములు. పంది కడుపు గేదె కడుపు వంటిది కాదు, పచ్చి మేతను నానబెట్టి పులియబెట్టుకునే పెద్ద పొట్ట దానికి లేదు. యాభై కిలోలు దాటిన పందులకు రోజుకు కిలో, కిలోన్నర పచ్చి అజొల్లాను బాగా కడిగి దాణాతోపాటు ఇస్తే విటమిన్లు అందుతాయి, పందులు ఇష్టంగా తింటాయి. దాణా మానేయడానికి అది ఆధారం కాదు.

ప్రశ్న: మూడు నెలల పందిపిల్లలకు కాళ్ల మీద, పొట్ట మీద, చెవుల చుట్టూ చర్మం మందంగా పొలుసులు కట్టి పగులుతున్నది. గజ్జి అని రెండు సార్లు ఇంజక్షను చేయించాము, తగ్గలేదు. ఎముకలు గట్టిపడతాయని నూరు కిలోల దాణాకు నాలుగు కిలోల సున్నపురాయి పొడి కలుపుతున్నాము. గేదెలకు వాడే ఖనిజ మిశ్రమం కూడా వేస్తున్నాము. (నల్లగొండ జిల్లా పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలలోనే జబ్బు పేరు ఉంది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో సరిగ్గా ఇలాంటి పందులనే చూసి, గజ్జి అని మూడు వారాలు మందులు వాడించాను. ఆ షెడ్డు చూసుకునే పెద్దావిడ ఒక రోజు నన్ను ఆపి, "గజ్జి అయితే గోడకు రుద్దుకోవాలి కదయ్యా, ఇవి ఒక్కసారి కూడా రుద్దుకోవడం లేదే" అన్నది. ఆమె చెప్పిన తరువాత గోడలు చూశాను. ఎక్కడా రుద్దిన మరక లేదు, పందుల ఒంటి మీద గీరుకున్న గాటు లేదు. పైగా పొలుసులు ఎడమ కాలి మీద ఎక్కడ ఉన్నాయో కుడి కాలి మీద కూడా అక్కడే, కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. అది గజ్జి కాదు, జింకు లోపం. నా పొరపాటుకు మూడు వారాల మందుల ఖర్చును ఆ కుటుంబం భరించింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పెరిగే పందికి కిలో దాణాలో 60 నుంచి 80 మిల్లీగ్రాముల జింకు కావాలి. ధాన్యాల్లో, చెక్కల్లో జింకు కొంత ఉన్నా, వాటిలోని ఫైటేట్ అనే పదార్థం దానిని పట్టి ఉంచుతుంది. కాల్షియం ఎక్కువైతే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది, జింకు పేగుల్లో నుంచి రక్తంలోకి పోలేక పేడలో వెళ్లిపోతుంది. మీరు వేస్తున్న నాలుగు కిలోల సున్నపురాయి పొడితోనే దాణాలో కాల్షియం ఒకటిన్నర శాతం అవుతోంది. ఆ వయసు పందికి కావలసింది 0.6 నుంచి 0.7 శాతం. గేదెల మిశ్రమంలోనూ కాల్షియమే ఎక్కువ, అది పాలిచ్చే పశువు కోసం చేసినది.

సున్నపురాయి పొడిని ఈ రోజే ఆపండి. పందుల కోసం తయారైన ఖనిజ మిశ్రమం తెచ్చుకోండి. నూరు కిలోల దాణాకు 50 గ్రాముల జింకు సల్ఫేటును నీళ్లలో కరిగించి తవుడుకు పట్టించి, ఆరబెట్టి, దాణాలో కలపండి. రెండు మూడు వారాల్లో పొలుసులు రాలి కింద లేత చర్మం కనిపించాలి. కనిపించకపోతే, లేదా మధ్యలో దురద మొదలైతే, చెవి లోపలి నుంచి చర్మాన్ని గీకించి పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. గజ్జి, జింకు లోపం రెండూ ఒకే పందికి ఉండకూడదని నియమమేమీ లేదు.

ప్రశ్న: మేము తీరంలో ఉంటాము. ఎండుచేపల తుక్కు చౌకగా దొరుకుతుందని నూరు కిలోల దాణాకు 15 కిలోలు కలుపుతున్నాము. మొన్న కరెంటు పోయి ఒక రోజంతా ట్యాంకులో నీళ్లు లేవు. మర్నాడు నీళ్లు వదిలిన కొద్ది గంటలకు ఆరు పందులు గోడకు తల ఆనించి నిలబడ్డాయి, కొన్ని వెనక్కు నడిచాయి, రెండు కుక్కలా కూర్చుని కొట్టుకుని చనిపోయాయి. ఎవరైనా విషం పెట్టారా? (బాపట్ల జిల్లా పాఠకుడు)

జవాబు: మీ నష్టానికి చాలా విచారిస్తున్నాను. ఎవరినీ అనుమానించకండి, ఇది ఉప్పు వల్ల జరిగినది. ఉప్పు పట్టించిన ఎండుచేపల్లో ఐదో వంతు దాకా ఉప్పే ఉండవచ్చు. ఆ లెక్కన మీ దాణాలో ఉప్పు మూడు శాతం, ఉండవలసింది అర శాతం. నీళ్లు పుష్కలంగా ఉన్నన్ని రోజులు పంది ఆ ఉప్పును మూత్రంలో పంపేసి తట్టుకుంటుంది. నీళ్లు ఆగిపోగానే ఉప్పు మెదడులో పేరుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా నీళ్లు దొరికితే ఆ ఉప్పు నీటిని లాక్కుని మెదడు వాస్తుంది. మీరు చూసిన తల ఆనించడం, వెనక్కు నడవడం, ఫిట్లు అన్నీ ఆ వాపు లక్షణాలే.

మళ్లీ ఎప్పుడైనా నీళ్లు ఆగితే, వచ్చిన వెంటనే తొట్టి నింపవద్దు. నలభై కిలోల పందికి గంటకు ఒక గ్లాసు చొప్పున, అంటే 200 మిల్లీలీటర్లు, కొంచెం కొంచెంగా ఇస్తూ రావాలి, వెంటనే పశువైద్యుని పిలవాలి. దీనికి విరుగుడు ఇంజక్షను లేదు. మామూలు రోజుల్లో ఎండుచేపలను నూటికి ఐదు కిలోలకు మించనీయవద్దు, వాటిని వాడే రోజుల్లో దాణాలో విడిగా ఉప్పు వేయవద్దు. ఇసుకలో ఆరబెట్టిన తుక్కులో ఇసుక కూడా తూకానికి వస్తుంది కనుక, గుప్పెడు తుక్కును నీళ్లలో వేసి అడుగున ఏం దిగుతుందో చూసి కొనండి. ట్యాంకుకు తోడు రెండు పూటలకు సరిపడే నీళ్లు వేరే తొట్టిలో నిల్వ ఉంచండి. పంది తినే ప్రతి కిలో పొడి దాణాకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ.

ప్రశ్న: వానకు తడిసిన మొక్కజొన్న ఆరబెట్టి పెడుతున్నాము. మూడున్నర నెలల ఆడ పందిపిల్లలకు జననాంగం వాచి ఎర్రబడింది, ఎదకు వచ్చినట్టు ఉంది. ఇంత చిన్న వయసులో ఎదకు వస్తాయా? (నిజామాబాద్ జిల్లా పాఠకుడు)

జవాబు: రావు. తడిసిన మొక్కజొన్న మీద పెరిగే ఒక రకం బూజు, జియరాలెనోన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది ఒంట్లో ఆడ హార్మోను లాగా పనిచేస్తుంది కనుక ఆ వాపు. ఆ మొక్కజొన్నను ఆపేస్తే కొద్ది వారాల్లో వాపు తగ్గుతుంది. ఉడికించినా, వేయించినా, మళ్లీ ఎండబెట్టినా బూజు చస్తుందేమో కానీ విషం పోదు. చూలు పందులకు, సంతానం కోసం ఉంచుకున్న వాటికి ఆ గింజ అసలు పెట్టవద్దు. ఇకముందు గింజను తేమ 12, 13 శాతానికి దిగే దాకా ఎండబెట్టాలి. తేమ యంత్రం లేకపోతే, పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచా పొడి ఉప్పు వేసి రెండు మూడు నిమిషాలు కుదపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజ ఇంకా పచ్చిగా ఉన్నట్టే.

ప్రశ్న: మా పందులు 90 కిలోలు తూగుతాయి. కానీ కొనే వ్యాపారి, కోసిన తరువాత కొవ్వు గట్టిగా ఉండడం లేదు, వేలు పెడితే దిగుతోంది, మాంసం ముక్క నిలబడడం లేదని ధర తగ్గిస్తున్నాడు. దాణాలో సగం మిల్లు తవుడే. సాకు చెబుతున్నాడా? అలాగే కాటా లేకుండా బరువు తెలుసుకునే మార్గం ఉందా? (పశ్చిమ గోదావరి జిల్లా పాఠకుడు)

జవాబు: ఈ విషయంలో వ్యాపారి చెప్పినది నిజమే కావచ్చు. గేదె తిన్న నూనె దాని పెద్ద పొట్టలో సూక్ష్మజీవుల చేతిలో మారి, గట్టి కొవ్వుగా తయారవుతుంది. పందిలో ఆ ఏర్పాటు లేదు. అది ఎలాంటి నూనె తింటుందో దాని కొవ్వూ దాదాపు అలాగే ఉంటుంది. నూనె తీయని మిల్లు తవుడులో 13 నుంచి 15 శాతం నూనె ఉంటుంది, అది చల్లని గదిలో కూడా గడ్డకట్టని నూనె. దాణాలో సగం అదే ఉంటే కొవ్వు మెత్తగా, జిడ్డుగా రావడంలో ఆశ్చర్యం లేదు. పైగా తవుడు పది పదిహేను రోజులు నిల్వ ఉంటే ఆ నూనె మక్కి చేదెక్కుతుంది, పందులు తొట్టి వద్దకు వచ్చి వాసన చూసి వెళ్లిపోతాయి.

మీరు ఉన్నది నూకల సీమ. అమ్మే ముందు ఆరు వారాలు మిల్లు తవుడు ఆపి, నూకలు 40 కిలోలు, మొక్కజొన్న 22, సోయా చెక్క 15, వ్యాపారులు డీఓబీ అని పిలిచే నూనె తీసిన తవుడు ఇరవైన్నర, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు అర కిలో చొప్పున నూరు కిలోల దాణా తయారు చేయండి. ఇందులో మాంసకృత్తులు పదిహేను శాతానికి దగ్గరగా ఉంటాయి, యాభై కిలోలు దాటిన పందికి అది చాలు. నూకల్లోని పిండి పదార్థం నుంచి పంది తన ఒంట్లో తయారు చేసుకునే కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటుంది. ఆ ఆరు వారాల్లో చేపల పొడి, ఎండుచేపలు కూడా మానేయండి, వాటి వాసన మాంసానికి పడుతుంది. విత్తులు తీసిన మగపందులకు ఆడపందుల కంటే త్వరగా కొవ్వు పడుతుంది కనుక, వీలైతే రెండింటినీ వేరు గదుల్లో ఉంచి, మగవాటిని ముందు అమ్మండి. తొంభై కిలోలు దాటిన తరువాత పెరిగే ప్రతి కిలోలో కొవ్వు వంతే ఎక్కువవుతుంది, దానికి పట్టే దాణా నాలుగు కిలోలు మించుతుంది. వ్యాపారి కొవ్వుకు మాంసం ధర ఇవ్వనప్పుడు వాటిని ఇంకా ఉంచడం మీకు నష్టమే.

కాటా లేకపోయినా దర్జీ టేపు చాలు. పంది తల తిన్నగా పెట్టి నిలబడినప్పుడు, ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, రెండు చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా వీపు మీది పొడవును మీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదానిని పొడవుతో గుణించి, మళ్లీ 69.3తో గుణిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 1.05 మీటర్లు, పొడవు 1.10 మీటర్లు ఉన్న పంది సుమారు 84 కిలోలు తూగుతుంది. పొద్దున మేత వేయకముందు, ప్రతిసారీ ఒకే మనిషి చేత కొలిపించండి. పంది తొట్టిలో తల పెట్టి ఉన్నప్పుడు కొలిస్తే వీపు సాగి పొడవు ఎక్కువ వస్తుంది.